కొండపల్లెలో పరదేశి

స్వస్థలాన్ని విడిచి పరాయినేలపై నివసించడాన్ని ప్రవాసం అంటారు. ఆ మాట వినగానే నేటి విద్యార్థి మనసులో అమెరికా, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలు మెదులుతాయి. తెలుగునేల నుండి వెలుపలికి సాగిన ప్రవాసమే స్ఫురిస్తుంది గాని, ఈ నేలకు తరలివచ్చిన ప్రవాసం సాధారణంగా గుర్తుకు రాదు. హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, ముంబయి జాతీయ రహదారిని ఆనుకొని, మియాపూర్‌కూ చందానగర్‌కూ నడుమ మదీనాగూడ ఉన్నది. సాయంకాలం వేళ హైటెక్ సిటీ నుండి తిరిగివచ్చే వాహనాలు అక్కడ ఆగినప్పుడు దిగేవారిలో బెంగాలీలు, ఒడియాలు, తమిళులు, మలయాళీలు, ఉత్తరాది రాష్ట్రాలవారు ఎందరో ఉంటారు. అద్దె ఇల్లు వెదుక్కోవడం, కూరగాయల అంగడిలో సంఖ్యలు తెలుగులో నేర్చుకోవడం, పొరుగింటివారి పండుగ తమ పండుగ కావడం వారికి నిత్యానుభవాలు. ఆ ఊరి పేరు చివర ఉన్న 'గూడ' అనే మాట ఆదిలాబాదు కొండలలోని పల్లెల పేర్లలోనూ విరివిగా వినిపిస్తుంది. ఎనిమిది దశాబ్దాలకు పూర్వం ఇదే హైదరాబాదు నుండి అటువంటి ఒక కొండపల్లెకు వెళ్ళి కాపురమున్న ఐరోపా దంపతుల జీవితం ఈ పాఠ్యాంశానికి వస్తువు.

కొండమీద చిక్కుకొనిపోయిన పరదేశి కథ తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురవాసి అయిన ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపనం పూసుకొని హిమాలయానికి వెళ్తాడు. కొండ వింతలు చూసి తృప్తి చెందేలోగా మంచుకు లేపనం కరిగిపోతుంది. తిరుగుదారి మూసుకొనిపోతుంది. అప్పుడు ఆ గృహస్థునికి కలిగిన చింత ఒక్కటే: ఇల్లు చేరడం ఎట్లా? ఎదుట నిలిచిన వరూధిని గాని, ఆ కొండ అందం గాని ఆయనను నిలుపలేకపోయాయి. చివరకు అగ్నిదేవుని అనుగ్రహంతో ఇల్లు చేరుకున్నాడు. ప్రస్తుత కథానాయకునికీ దారి మూసుకొనిపోయింది. అయితే అందుకు కారణం మంచు కాదు, యుద్ధం. మూసుకొనిపోయిన దారి ముందు ఆయన చేసిన పని ప్రవరుడు చేసిన దానికి పూర్తిగా భిన్నమైనది.

ఆయన పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఉన్నత కుటుంబంలో జన్మించారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి డాక్టరేటు పొందారు. అనంతరం లండనులో మాలినోవ్‌స్కీ వద్ద శిక్షణ పొందారు. ఒక జాతిని గురించి రాయదలచినవాడు ఆ జాతి నడుమ దీర్ఘకాలం నివసించి, వారి భాషలోనే వారి మాట వినాలన్నది మాలినోవ్‌స్కీ బోధన సారం. ఆ బోధనను శిరసావహించిన హైమన్‌డార్ఫ్ 1936లో భారతదేశానికి వచ్చి, ఈశాన్య సరిహద్దు కొండలలో కోన్యాక్ నాగాల మధ్య సుమారు ఏడాది కాలం గడిపారు. 1938లో బెట్టీ ఎలిజబెత్ బర్నార్డో అనే ఆంగ్ల వనితను వివాహమాడారు. 1939లో మరొక పరిశోధన సంకల్పంతో దంపతులు తిరిగి భారతదేశం చేరుకున్నారు.

ఆ ఏడాది సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం ప్రారంభమైనది. అంతకు ముందటి సంవత్సరమే హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలుపుకొన్నందువల్ల హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషు ప్రభుత్వ దృష్టిలో ఆయన శత్రుదేశ పౌరుడు. అటువంటివారిని దేశవ్యాప్తంగా నిర్బంధ శిబిరాలకు తరలిస్తున్న రోజులవి. నిజాం ప్రభుత్వంలో ఉన్నతపదవిలో ఉన్న థియొడోర్ టాస్కర్ వంటి అధికారుల ప్రాపకం వల్ల ఆయనకు ఒక వెసులుబాటు లభించింది. హైదరాబాదు రాజ్యం ఎల్లలు దాటకుండా ఉండాలి. ఆ ఎల్లల లోపల తన పరిశోధన తాను చేసుకోవచ్చు. ఒక విధంగా అది చెర. అయితే ఆ చెరలో నల్లమల అడవులు, గోదావరి లోయ, ఆదిలాబాదు కొండలు ఉన్నాయి.

తొలుత ఆ దంపతులు అమ్రాబాదు పీఠభూమిలోని చెంచుల పెంటలలో కొంతకాలం గడిపారు. తరువాత గోదావరి కొండలలోని కొండరెడ్ల మధ్య నివసించారు. ఆ అనుభవాల ఫలితంగా 1943లో చెంచులను గురించిన గ్రంథం, 1945లో కొండరెడ్లను గురించిన గ్రంథం వెలువడ్డాయి. ఈ రెండూ విలువైనవే. అయితే ఆయన జీవితాన్నే మలుపు తిప్పిన ప్రవాసం మూడవది.

1940లో ఆదిలాబాదు జిల్లా అడవులలో కుమ్రం భీం నాయకత్వాన గోండులు తిరుగుబాటు చేశారు. అడవిని రిజర్వుగా ప్రకటించి హద్దురాళ్ళు పాతడం, తరతరాలుగా దున్నుకొంటున్న చేలను ఆక్రమణలుగా లెక్కించడం, పంటపొలాలను ధ్వంసం చేయడం, పశువుల మేతకు సైతం సుంకం వసూలు చేయడం ఆ తిరుగుబాటుకు కారణాలు. జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో భీం అమరుడైనాడు. తిరుగుబాటు అణగింది గాని, అది ఎందుకు పుట్టిందన్న ప్రశ్న ప్రభుత్వాన్ని వదలలేదు. గోండుల స్థితిగతులు తెలుసుకొనే పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఇక్కడ ఒక విషయం మరువరాదు. కాల్పులు జరిపించిన ప్రభుత్వం, ఆయనను ఆ కొండలకు పంపిన ప్రభుత్వం ఒక్కటే. కొండజనం ఆయనను తొలిసారి చూసినప్పుడు వారికి కనిపించినది పరిశోధకుడు కాదు, దొర. ఆ కాలంలో కొండపల్లెకు వచ్చే దొర గాని, ఫారెస్టు గార్డు గాని, పట్వారీ గాని ఏదో ఒకటి తీసుకొనిపోవడానికే వచ్చేవారు. కోళ్ళు, నెయ్యి, ధాన్యం, వెట్టిచాకిరీ, చేతిలో నాలుగు రూపాయలు: ఇట్లా ఉండేది ఆ జాబితా.

దంపతులు నివాసానికి ఎన్నుకొన్న పల్లె మార్లవాయి. అది నేటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో, ఉట్నూరు కొండల నడుమ ఉన్నది. కొండల పైకి ఎడ్లబండ్లే ఆధారమైన కాలమది. వర్షాకాలంలో నల్లరేగడి బురదకు ఆ బండ్లు కూడా నిలిచిపోయేవి. ఆ కొండలకు మలేరియా నిత్యశత్రువు. వెదురుతడికెలకు మట్టి మెత్తి, గడ్డి కప్పిన ఇంట్లో, గోండుల ఇళ్ళ సరసనే వారి కాపురం సాగింది. డేరా వేసుకొని నాలుగు రోజులు ఉండి పోయే అధికారికీ, ఊరిలో ఇల్లు కట్టుకొన్న మనిషికీ పల్లెవాసులు చూపే తేడా ఎంతో ఉంటుంది. డేరాలోని వారిని చూడడానికి ఊరే అక్కడికి పోవాలి. ఇల్లు కట్టుకొన్నవాడు ఊరి కంటికి పగలూ రాత్రీ కనబడుతూనే ఉంటాడు. అతడు ఏమి తింటున్నాడు, ఎప్పుడు నిద్ర లేస్తున్నాడు, భార్యతో ఎట్లా మాట్లాడుతున్నాడు, జ్వరం వచ్చినప్పుడు ఎట్లా మూలుగుతున్నాడు అన్నవన్నీ పల్లెకు తెలిసిపోతాయి. గోండులను పరిశీలించడానికి వచ్చిన దంపతులను గోండులూ అంతే శ్రద్ధగా పరిశీలించారనుకోవడంలో తప్పు లేదు.

ఆ పల్లె పెద్ద లచ్చు పటేల్. కొత్తవారిని ఆదరించి, ఊరి కట్టుబాట్లను వారికి తెలియజెప్పినవారిలో ఆయన ముఖ్యుడు. ఇరుగుపొరుగుల మధ్య పలకరింపు 'రాంరాం' అన్న రెండక్షరాల మాట. ఆ తరువాతి మాటలు గోండిలో. ద్రావిడ భాషాకుటుంబంలో గోండి తెలుగుకు దగ్గరి చుట్టం. రండ్, మూండ్, నాలుంగ్ అన్న గోండి సంఖ్యలను తెలుగు విద్యార్థి వినగానే పోల్చుకోగలడు. తెలుగులో ప్రవాహానికి పేరైన 'ఏరు' గోండిలో 'ఏర్' అయి నీటికే పేరుగా నిలిచింది. అయితే వియన్నా నుండి వచ్చిన వారికి ఈ చుట్టరికం ఏ విధంగానూ ఆసరా కాదు. వారు ప్రతి మాటనూ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. భాష రాని దశలో పండితుడైనా ఊరి పిల్లలకంటె చిన్నవాడే. నీళ్ళు కావాలన్నా, దారి తెలియాలన్నా, పెద్దవారి ముందు ఎట్లా కూర్చోవాలన్నా ఎవరో ఒకరు చెప్పాలి. ప్రవాసి అనుభవించే తొలి వినయం ఇదే. మదీనాగూడ అద్దె ఇంటిలో తెలుగు తెలియక తడబడే కొత్త ఉద్యోగికీ ఈ దశ తప్పదు. కాకపోతే అతనికి హిందీయో ఇంగ్లీషో అక్కరకు వస్తుంది. మార్లవాయిలో ఇంగ్లీషు వల్ల ప్రయోజనం శూన్యం.

భాష తరువాత ఎదురైనది మరింత చిక్కు సమస్య. గోండు సమాజంలో ప్రతి మనిషికీ ఒక 'సగ' ఉంటుంది. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతిగా తమను చెప్పుకొనే నాలుగు సగలుగా రాజగోండులు విభజింపబడి ఉన్నారు. ఒక్కొక్క సగలో అనేక ఇంటిపేర్లు. ఒక సగకు చెందినవారు తమలో తాము అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వారి మధ్య వివాహం నిషిద్ధం. వేరే సగవారితోనే వియ్యం. కనుక ఊరికి ఎవరైనా కొత్త మనిషి వస్తే అతని సగ ఏదో తెలిసిన మరుక్షణం అతనిని ఏ వరసతో పిలవాలో, అతనితో పరిహాసమాడవచ్చునో కూడదో, పూజలో అతని చోటు ఎక్కడో తేలిపోతుంది. సగయే లేనివాడు ఏ వరసకూ చెందడు. బావ కాడు, తమ్ముడు కాడు, మామ కాడు. హైమన్‌డార్ఫ్ గ్రంథంలో సగల వ్యవస్థను, ఒక్కొక్క వంశపు దైవమైన పెర్సపేన్ ఆరాధనను అంత విస్తారంగా వివరించడానికి శాస్త్రజిజ్ఞాస ఒక కారణం. తాను నివసించిన ఊరిలో మనుషుల మధ్య ఉన్న వరసలు తెలియకపోతే రోజు గడవదన్న అవసరం రెండవ కారణం కావచ్చు.

బెట్టీ ఆ కాపురంలో కేవలం గృహిణి కాదు. పరిశోధనలో ఆమె సమభాగస్వామి. అన్యపురుషునికి అందని స్త్రీల లోకం ఆమెకు అందింది. వంటపొయ్యి దగ్గర, నీళ్ళ రేవులో, పురిటింటి గడపలో జరిగే సంభాషణలు ఏ సర్కారు నివేదికలోనూ కనబడవు. తరువాతి కాలంలో 1979లో వెలువడిన గోండుల గ్రంథానికి ఆమె పేరు కూడా రచయితగా ఉండడం ఆ భాగస్వామ్యానికి తగిన గుర్తింపు.

ఋతువులను బట్టి దినచర్య మారేది. ఎండాకాలంలో ఇప్పపూల సేకరణ, తొలకరికి జొన్న, పత్తి విత్తడం, ఆషాఢంలో ఊరి దేవతల పూజలు. పంట ఎదిగే నెలల్లో మంచెల మీద రాత్రికాపలా. ఇంటింటా జొన్నగట్కే ప్రధానాహారం. ఆశ్వయుజ పూర్ణిమ నుండి దీపావళి వరకు దండారి. నెమలిఈకల తలపాగాలు ధరించి, ఒంటికి బూడిద పూసుకొన్న గుసాడీలు ఒక ఊరినుండి మరొక ఊరికి బృందాలుగా తరలివెళ్ళి ఆడుతారు. ఆతిథ్యమిచ్చిన ఊరు మరల వారి ఊరికి వెళ్తుంది. పుష్యమాసంలో కేస్లాపూర్‌లో మెస్రం వంశీయుల నాగోబా జాతర. గోండుల వంశగాథలను తరతరాలుగా గానం చేసేవారు ప్రధాన్‌లు. కీక్రీ అనే తంత్రీవాద్యాన్ని వాయిస్తూ వారు రాత్రులు తెల్లవారే దాకా ఆ గాథలు పాడుతారు. గ్రంథస్థం కాని ఇతిహాసాన్ని కంఠస్థంగా నిలిపిన ఈ గాయకుల వద్ద ఆయన ఎంతో విషయం సేకరించారు. కాటమరాజు కథనో, పల్నాటి కథనో వీరగాథాగాయకుల నోట విన్న తెలుగువారికి ఆ రాత్రుల స్వరూపం ఊహించడం కష్టం కాదు.

ఏడాది పొడవునా ఊరిలో ఉండడం వల్ల కలిగిన ప్రయోజనం పండుగలు చూడడంతో ముగిసిపోలేదు. ఏ చేను ఎవరు దున్నుతున్నారో, పంట ఎవరింటికి చేరుతున్నదో కళ్ళారా చూడడం సాధ్యమైనది. కాగితాల్లో భూమి ఒకరి పేర, కష్టం ఒకరిది. మైదానాల నుండి వచ్చిన వ్యాపారులు, ఆసాములు తహసీలు కచేరీ చుట్టూ తిరిగి పట్టాలు సంపాదించుకొన్నారు. అడవిని నరికి సేద్యయోగ్యం చేసిన గోండు అదే చేనులో పాలేరుగా మిగిలాడు. అప్పు ఇచ్చిన షావుకారు పంట కల్లంలో ఉండగానే వచ్చి కొలుచుకొని పోయేవాడు. కచేరీ భాష ఉర్దూ. గోండుకు ఉర్దూ రాదు, ఏ లిపీ రాదు. రసీదు మీద ఏమి రాసి ఉన్నదో షావుకారు చెప్పినదే వేదవాక్కు. కచేరీ దస్త్రాలలో ఇదంతా సక్రమంగానే కనబడుతుంది. పట్టా ఉన్నది, సంతకం ఉన్నది, ముద్ర ఉన్నది. తిరుగుబాటు ఎందుకు వచ్చిందో దస్త్రాలు చదివినవారికి అర్థం కాకపోవడంలో వింత లేదు. కల్లం దగ్గర నిలబడి చూసినవారికి దానికి వేరే వివరణ అవసరం లేదు.

హైమన్‌డార్ఫ్ తన నివేదికలలో ఈ విషయాన్ని నిర్మొహమాటంగా రాశారు. అవి 1945లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. గోండులు సోమరులు, అడవిని పాడుచేసేవారు అన్న అధికారుల అభిప్రాయాన్ని ఖండించారు. వారికి కావలసినది జాలి కాదని, దున్నే భూమి మీద హక్కని వాదించారు. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ వ్యవహారాలు చూసిన గ్రిగ్‌సన్ అంతకు మునుపే బస్తరు గోండులపై గ్రంథం రాసిన విద్వాంసుడు కావడంతో ఈ వాదనకు ప్రభుత్వంలో బలం చేకూరింది. హైమన్‌డార్ఫ్ గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమితులయ్యారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా కూడా పనిచేశారు. లావుణి నిబంధనల క్రింద వేలాది గోండు కుటుంబాలకు పట్టాలు లభించాయి. గోండి భాష నేర్చుకొని గోండుల మధ్య పనిచేసిన సేతుమాధవరావు పగడి వంటి స్థానిక అధికారుల కృషి లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు. కీర్తి అంతా ఒక్క విదేశీయునికే కట్టబెట్టడం న్యాయం కాదు.

మార్లవాయిలోనే 1943లో గోండు విద్యాపథకం ఆరంభమైనది. ఆ పథకంలోని విశేషం అది ఎంచుకొన్న క్రమం. ముందుగా బడి తెరవలేదు. ముందుగా గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణకేంద్రం తెరిచారు. మైదానం నుండి వచ్చే ఉపాధ్యాయుడు మొదటి వర్షానికే సెలవు పెట్టి వెళ్ళిపోతాడు. అదే ఊరి యువకుడు ఎక్కడికి పోతాడు? చదవడం, రాయడం నేర్చిన ఆ యువకులు పల్లెలకు మరలి పిల్లలకు చదువు చెప్పారు. పెద్దల రసీదులు చదివి పెట్టారు. షావుకారు నోటిమాట వేదవాక్కు కాకుండా పోవడం అక్కడ మొదలైనది.

వాచకాలు గోండి భాషలోనే తయారైనాయి. అయితే లిపి దేవనాగరి. ఆ ప్రాంతంలో మరాఠీ విస్తృతంగా వ్యవహారంలో ఉండడం అందుకు కారణం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, ఆ జిల్లాలో తెలుగు బోధనభాషగా స్థిరపడడంతో ఆ వాచకాలు మూలబడ్డాయి. గోండి పిల్లవాడు మళ్ళీ పరభాషలో అక్షరాభ్యాసం చేయవలసి వచ్చింది. ఇందులో మరొక వైచిత్రి ఉన్నది. గోండికి లిపి లేదన్న నమ్మకంతో అరువు లిపిలో వాచకాలు రాయించిన మార్లవాయికి అట్టే దూరంలో లేని గుంజాల గ్రామంలో, గోండి భాషకే ప్రత్యేకించిన లిపిలో రాసిన చేతిరాత ప్రతులు భద్రంగా ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పండితుల కృషి వల్ల ఈ శతాబ్దిలో ఆ లిపి లోకానికి తెలిసింది. 2018లో యూనికోడ్‌లో గుంజాల గోండి లిపికి స్థానం లభించింది. ఊరిలో ఏళ్ళ తరబడి నివసించిన వాడికి కూడా పక్క ఊరి పెట్టెలోని పుస్తకం తెలియకపోవచ్చు.

కేస్లాపూర్ జాతరలో అధికారులు గిరిజనుల ఎదుట కూర్చుండి వారి కష్టసుఖాలు వినే దర్బారును ప్రవేశపెట్టినది కూడా ఆయనే. 1940ల దశకంలో ఆరంభమైన ఆ ఆచారం స్వాతంత్ర్యానంతరమూ కొనసాగింది. గిరిజనుడు కచేరీ మెట్లెక్కడానికి జంకుతాడు. కచేరీయే అతని దేవుని ముంగిటికి రావాలి. తన సమాజమంతా చుట్టూ ఉండగా అతని గొంతు లేస్తుంది. ఇది పల్లెలో నివసించినవాడికి తోచే ఉపాయమే గాని రాజధానిలో కూర్చున్నవాడికి తోచేది కాదు.

1948లో రాజగోండులను గురించిన ఆయన ఉద్గ్రంథం వెలువడింది. అదే సంవత్సరం హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైనది. ఆ వెనుక ఆయన లండను విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థకు తరలివెళ్ళి 1976 వరకు అక్కడ ఆచార్యులుగా ఉన్నారు. 1953 నుండి నేపాల్ హిమాలయాలలో షెర్పాల పల్లెలలో పరిశోధన చేసి ప్రఖ్యాతులైనారు. ప్రవరుడు చూసిన హిమాలయాన్ని ఆయనా చూశారు. కాని మనసు మార్లవాయిని వదలలేదు.

1970ల దశకం ఉత్తరార్ధంలో దంపతులు ఆదిలాబాదు కొండలకు తిరిగివచ్చి మరల పరిశోధన చేపట్టారు. రోడ్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి. వాటితోపాటు భూమి కోసం వచ్చినవారు కూడా వచ్చారు. ఒకనాడు పట్టా చేతబుచ్చుకొన్న కుటుంబాలు ఎన్నో భూమి పోగొట్టుకొని ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదలాయించకుండా 1959లో నిబంధన వచ్చింది. 1970లో దానిని మరింత కట్టుదిట్టం చేస్తూ '1 ఆఫ్ 70'గా ప్రసిద్ధమైన చట్టం వచ్చింది. కాగితం మీద రక్షణకు లోటు లేదు. ఒకప్పుడు కాగితమే గోండును ముంచింది. ఇప్పుడు కాగితం అతని పక్షాన ఉన్నా చేను మాత్రం అతని చేతిలో లేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు తరలివచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. కుమ్రం భీం మరణానికీ ఆ కాల్పులకూ మధ్య నలభై ఏళ్ళు గడిచాయి. ప్రభుత్వాలు మారాయి. వివాదం మాత్రం అదే: అడవి, భూమి. 1982లో వెలువడిన గ్రంథంలో, తాను చూసిన భూమినష్టాన్ని హైమన్‌డార్ఫ్ దాపరికం లేకుండా వివరించారు. యువకునిగా నివేదికలు రాసినప్పటి ఆశాభావం ఆ పుటలలో కనిపించదు. ఒకప్పటి సలహాదారు తాను కట్టినది కూలుతుండగా చూసిన బాధ కనిపిస్తుంది.

1987 జనవరి 11న బెట్టీ హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను నగరంలో గాక మార్లవాయిలో సమాధి చేశారు. ఆమె భర్త 1995లో లండనులో మరణించారు. నేడు మార్లవాయిలో వారిద్దరి సమాధులు పక్కపక్కన ఉన్నాయి.

ఆ పల్లె నుండి వచ్చిన గుసాడీ నృత్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఆయన 2024లో స్వర్గస్థులైనారు. ఏటా జనవరి 11న మార్లవాయి గ్రామస్థులు, చుట్టుపక్కల గూడేలవారు ఆ రెండు సమాధుల వద్ద సమావేశమవుతారు. సగ లేని ఆ ఇద్దరికీ తమ ఆచారం ప్రకారం పూజ చేస్తారు. నాగోబా జాతర జరిగే పుష్యమాసం తరచుగా ఆ దినాలలోనే వస్తుంది.